అమ్మకి ఫోన్ కొనిచ్చాం... మరి నేర్పించామా?

మామూలుగా మన ఎపిసోడ్స్‌లో కొత్త యాప్‌లు, కొత్త ఫీచర్లు, ఏది వాడొచ్చు, ఏది వాడకూడదు అని మాట్లాడుకుంటాం కదా. ఈసారి కొంచెం వేరే. ఇది మా ఇంట్లో జరిగిన విషయం. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి అమ్మనే అడిగాను. "చెప్పు, నలుగురికీ తెలిస్తే మంచిదే. నా పేరు మాత్రం చెప్పకు" అంది. సరే, పేరు చెప్పను. విషయం మాత్రం ఏమీ దాచకుండా చెప్తాను.

మాది తెనాలి దగ్గర ఒక ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్న వ్యవసాయం, ఎకరంన్నర పొలం. ఆయన చేతిలో ఇప్పటికీ కీప్యాడ్ ఫోనే. స్మార్ట్‌ఫోన్ ఉన్నది అమ్మ దగ్గర. అది నేను కొనిచ్చిందే. అందుకని బ్యాంకుకి, గ్యాస్‌కి, ఆధార్‌కి, నాన్న పొలం డబ్బులకి, అన్నిటికీ ఇచ్చిన నంబరు అమ్మదే.

ఒకరోజు పొద్దున అమ్మకి ఒక కాల్ వచ్చింది. "అమ్మగారూ, పీఎం కిసాన్ గురించి మాట్లాడుతున్నామండి. మీ వారి పేరు మీద ఈసారి రావాల్సిన 2 వేలు ఆగిపోయాయండి. కేవైసీ పెండింగ్ ఉంది. నేనొక ఫైల్ పంపిస్తాను, అది నింపితే సాయంత్రానికి పడిపోతాయి." మంచి తెలుగు. మన వైపు యాసే. నాన్న పేరు కూడా కరెక్ట్‌గా చెప్పాడట.

ఫైల్ వచ్చింది. అమ్మ నొక్కింది. ఫోన్ ఏదో అడిగింది, ఇంగ్లీషులో. "అన్నిటికీ అలౌ కొట్టండమ్మా" అన్నాడు. కొట్టింది. లోపల ఒక ఫామ్ వచ్చింది. పైన ప్రభుత్వం బొమ్మ ఉంది. ఆధార్ నంబరు, తర్వాత ఏటీఎం కార్డు మీదున్న నంబరు, వెనకున్న మూడంకెలు, చివరికి పిన్ను. అన్నీ నింపింది. దాదాపు అరగంట పట్టిందట. కళ్లజోడు కోసం ఒకసారి లేచింది, కార్డు కోసం బీరువా దగ్గరికి ఇంకోసారి లేచింది. అతను లైన్లోనే ఉన్నాడు.

సాయంత్రానికి ఖాతాలో 47 వేలు పోయాయి. మూడు దఫాలుగా. అది చిట్టీ పాడిన డబ్బు. మోటారు బాగుచేయించి, డ్వాక్రా వాయిదా కట్టి, మిగిలింది సంక్రాంతికి ఉంచుదామనుకున్న డబ్బు.

ఇక్కడి దాకా మీరు చాలాసార్లు విన్న కథే. న్యూస్‌లో రోజూ వస్తుంది. నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నది దీని తర్వాత జరిగిన దాని గురించి.

డబ్బు పోయిందని అమ్మకి ఆ రాత్రే తెలిసింది. మర్నాడు పొద్దున బ్యాంకులో అడిగి ఖాయం చేసుకుంది కూడా. కానీ నాకు చెప్పలేదు. నాన్నకీ చెప్పలేదు. రెండు రోజులు. మూడోరోజు నేను మామూలుగా ఫోన్ చేస్తే గొంతు తేడాగా ఉంది. "ఏంటమ్మా, జ్వరమా?" అన్నాను. ఏడ్చేసింది. మొత్తం విన్నాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" 

"నువ్వు తిడతావనిరా" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే అది నిజం. తిట్టేవాణ్ణే.

వెంటనే 1930కి కాల్ చేశాను. సైబర్ మోసాలకి దేశం మొత్తానికీ ఉన్న హెల్ప్‌లైన్ నంబరు అది. వాళ్లు బ్యాంకు వివరాలు, ఎంత పోయింది, ఏ టైమ్‌కి పోయింది, లావాదేవీ నంబర్లు అడిగి కంప్లైంట్ రాసుకున్నారు. పద్ధతిగానే మాట్లాడారు. వాళ్లు చేసే పని ఏంటంటే, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో చూసి, అక్కడ ఇంకా ఉంటే ఆపమని ఆ బ్యాంకుకి చెప్తారు. కానీ మోసగాళ్లు డబ్బుని ఒకచోట ఉంచరు. ఒక ఖాతా నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మరో నాలుగింటికి. అవన్నీ వేరేవాళ్ల పేర్ల మీద అద్దెకి తీసుకున్న ఖాతాలు. అక్కడి నుంచి ఏటీఎంలో తీసేస్తారు. మొదటి గంటలో చెప్తే ఆపే ఛాన్స్ బాగా ఉంటుంది. మేం చెప్పింది మూడో రోజు. 47 వేలల్లో 4 వేల చిల్లర మాత్రం ఒక ఖాతాలో ఆగింది. మిగతాది వెళ్లిపోయింది.

సో, ఆ డబ్బు తీసుకున్నది మోసగాడే. అందులో డౌట్ లేదు. కానీ దాన్ని వెనక్కి తెచ్చుకునే టైమ్ పోయింది మాత్రం నా వల్ల. నా నోటి వల్ల.

కొంచెం వెనక్కి వెళ్దాం. అసలు ఇక్కడి దాకా ఎలా వచ్చాం?

2016ని గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైపోయింది. నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఒకే ఏడాదిలో మూడూ. అప్పటిదాకా ఇంటర్నెట్ అంటే మనకి ఒక సరదా. ఫేస్‌బుక్, సినిమా పాటలు, రిజల్ట్స్ చూసుకోవడం. ఆ తర్వాత అది కిరాణా కొట్టు దగ్గరికి, కూరగాయల బండి దగ్గరికి వచ్చేసింది. ఇవాళ చెరుకురసం బండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే 2 వేల కోట్లు దాటాయి. రూపాయలు కాదు, లావాదేవీల సంఖ్య.

ప్రభుత్వం పనులు కూడా అంతే. ఇంతకుముందు సర్టిఫికెట్ కావాలంటే మండలాఫీసు. తర్వాత మీసేవ. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, బస్సు టికెట్, తిరుమల దర్శనం... ఇవన్నీ ఫోన్లో అయిపోతున్నాయి. నిజంగా మంచి విషయం. మా నాన్న కరెంటు బిల్లు కట్టడానికి సగం రోజు పని మానుకున్న రోజులు నాకు తెలుసు. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు.

కానీ ఒక్కటి గమనించండి. ఆ పాత పద్ధతిలో ప్రతి కౌంటర్ వెనక ఒక మనిషి ఉండేవాడు. బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫామ్ నింపిపెట్టే ఆయన ఒకరు. పోస్టాఫీసులో "అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అనే ఆయన ఒకరు. గ్యాస్ ఆఫీసులో విసుక్కుంటూనే పని చేసిపెట్టే ఆయన ఇంకొకరు. మా అమ్మ చేతిలో 47 వేలు ఉంచుకుని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి కట్టబోతుంటే, వాళ్లలో ఒక్కరైనా "ఎవరికమ్మా ఇంత డబ్బు?" అని అడిగేవాళ్లు. ఫోన్ అలా అడగదు. అడిగినా ఇంగ్లీషులో అడుగుతుంది.

ఆ మనిషి పక్కకి వెళ్లిపోయాడు. మరి ఆ పని ఎవరికి వచ్చింది? మనకి వచ్చింది. ఫోన్ కొనిచ్చిన కొడుకుకి, యాప్ వేసిచ్చిన కూతురికి. ఆ కౌంటర్‌లో ఇప్పుడు కూర్చోవాల్సింది మనం. కానీ మనం ఆ సీట్లో ఉండట్లేదు.

నా సంగతే చెప్తాను. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మ ఫోన్ పట్టుకుని వచ్చేది. "ఒరేయ్ నాన్నా, ఇది ఎలా పంపాలో ఒకసారి చూపించరా" అని. నేనేం చేసేవాణ్ణి? "ఇటివ్వు" అని లాక్కుని, పది సెకన్లలో టకటకా కొట్టేసి, "అయిపోయింది, చూశావా" అని తిరిగి ఇచ్చేవాణ్ణి. ఏం చూస్తుంది? నా వేళ్లు చూస్తుంది. రెండోసారి అడిగితే "అబ్బా, ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అనేవాణ్ణి. మీలో ఎంతమంది ఈ మాట అన్నారో కామెంట్స్‌లో చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.

డబ్బు పోయాక ఊరెళ్లాను. అప్పుడు అమ్మ ఒక నోట్‌బుక్ చూపించింది. నా టెన్త్ క్లాస్ లెక్కల నోట్సు, వెనక ఖాళీ పేజీలు. అందులో తనే రాసుకుంది. "డబ్బులు పంపడానికి: ముందు ఈ బొమ్మ నొక్కాలి. తర్వాత కింద మధ్యలో ఉన్న గుండ్రం." పక్కన పెన్సిల్‌తో ఆ బొమ్మ కూడా వేసుకుంది. ఎంత శ్రద్ధగా వేసిందంటే, ఆ యాప్ ఏదో చూడగానే గుర్తుపట్టాను. కానీ ఆ తర్వాత యాప్ అప్‌డేట్ అయింది. బొమ్మ రంగు మారింది, బటన్ చోటు మారింది. మనకి అది ఒక చిన్న మార్పు, రెండు సెకన్లలో అలవాటైపోతుంది. మా అమ్మకి మాత్రం ఆ పేజీ మొత్తం పనికిరాకుండా పోయింది. ఆ విషయం కూడా నన్ను అడగలేదు.

మరి ఆ ఫోన్లో మాట్లాడిన అతను? అరగంట లైన్లో ఉన్నాడు. కళ్లజోడు తెచ్చుకునేదాకా ఆగాడు. "కంగారేం లేదమ్మా, నిదానంగా చూసి కొట్టండి" అన్నాడట. అమ్మ నాతో అన్న మాట ఇది: "అంత ఓపిగ్గా చెప్తుంటే మోసమని ఎలా అనుకుంటానురా?" ఫోన్ గురించి అమ్మతో అంత ఓపిగ్గా మాట్లాడిన మొదటి మనిషి ఆ దొంగే. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

సరే. ఇప్పుడు పనికొచ్చే విషయాలకి వద్దాం. నేను చేసినవే చెప్తాను. ఈ వారాంతంలో మీరూ చేయొచ్చు, గంట కంటే ఎక్కువ పట్టదు.

మొదటిది, ఆ ఫైల్ సంగతి. దాన్ని ఏపీకే అంటారు. ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్ అది. పెళ్లి కార్డు అని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని రకరకాల పేర్లతో వస్తుంది. ఒకసారి లోపలికి వచ్చి, మెసేజ్‌లు చదివే పర్మిషన్ తీసుకుందంటే, మీ ఓటీపీలు వాళ్లకి వెళ్లిపోతాయి. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు" అని అమ్మ ఒట్టేసి చెప్పింది. నిజమే, చెప్పలేదు. ఫోనే చెప్పేసింది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో పైన సెర్చ్ ఉంటుంది, అందులో "అన్‌నోన్ యాప్స్" కోసం వెతకండి. ఏయే యాప్ నుంచి ఇలాంటి ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయొచ్చో లిస్ట్ వస్తుంది. అన్నీ ఆఫ్ చేసేయండి. ఒక్క నిమిషం పని.

రెండోది, పెద్ద డబ్బుని యూపీఐ ఉన్న ఖాతాలో ఉంచొద్దు. అమ్మకి ఇప్పుడు రెండు ఖాతాలు. ఫోన్‌కి లింకైన దాంట్లో నెల ఖర్చు మాత్రమే ఉంటుంది. చిట్టీ డబ్బు, పొలం డబ్బు ఇంకోదాంట్లో. దానికి యూపీఐ లేదు, నెట్ బ్యాంకింగ్ లేదు, ఏటీఎం కార్డు కూడా తీసుకోలేదు. మొదటి ఖాతా కార్డుకి ఆన్‌లైన్ వాడకం ఆఫ్ చేశాం. ఈ ఆన్, ఆఫ్ సౌకర్యం, లిమిట్ పెట్టుకునే సౌకర్యం కార్డులకి 2020 నుంచీ ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకే పెట్టమంది. చాలామందికి తెలీదు.

మూడోది, నాలుగు మాటలు. ఇవి అమ్మ నోట్‌బుక్‌లో కొత్త పేజీలో, తన చేతే రాయించాను. ఒకటి: డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు, పిన్ను కొట్టామంటే డబ్బు పోతుంది. రెండు: పోలీసులు వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు. "డిజిటల్ అరెస్ట్" అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఇదే విషయం చెప్పారు. మూడు: తొందరపెట్టేవాడు ఎవడైనా సరే, ఫోన్ పెట్టేయాలి. అది మర్యాద తక్కువేం కాదు. నాలుగు: నా గొంతుతో ఎవరైనా ఫోన్ చేసి డబ్బు అడిగినా, మా ఇంటి మాట అడగాలి. గొంతుని కూడా ఇప్పుడు కాపీ కొట్టేస్తున్నారు కదా. మేం ముగ్గురం ఒక మాట అనుకున్నాం. మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న గేదెకి సంబంధించినది. ఇంతకంటే చెప్పను.

నాలుగోది, 1930. అమ్మ ఫోన్లో ఆ నంబర్‌ని "డబ్బు పోతే" అనే పేరుతో తెలుగులో సేవ్ చేశాను. నాన్న కీప్యాడ్ ఫోన్లో కూడా. ఒకవేళ ఇలాంటి ఫైల్ ఎక్కేసిందని డౌట్ వస్తే, ముందు ఆ ఫోన్లో నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి 1930కి, బ్యాంకుకి చెప్పండి. ఫోన్ రీసెట్ తర్వాత. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం. 2017లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, కస్టమరే పొరపాటున వివరాలు ఇచ్చేసినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయిన డబ్బుకి బాధ్యత బ్యాంకుదే. చెప్పకముందు పోయింది మాత్రం మనదే. అంటే చెప్పడం అనేది ఎంత ముందు జరిగితే అంత మంచిది. ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ నాలుగూ సెట్టింగ్స్. వీటన్నిటికంటే ముందు సరిచేసుకోవాల్సింది ఇంకోటి ఉంది. మీ అమ్మ, మీ నాన్న తప్పు చేస్తే ఆ నిమిషమే మీకు చెప్పగలరా? "చెప్తే ఏమంటాడో" అనే భయం లేకుండా? ఆ భయం ఉన్నంతకాలం 1930 నంబరు ఫోన్లో సేవ్ చేసినా లాభం లేదు. రెండు రోజులు లోపల లోపల కుమిలిపోతారు, ఆ రెండు రోజుల్లో డబ్బు ఊళ్లు దాటిపోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కూడా ఉంది. అమ్మ ఆ రెండు రాత్రులూ నిద్రపోలేదు, సరిగా తినలేదు. నాకది తర్వాత తెలిసింది. 47 వేలు మళ్లీ సంపాదించుకుంటాం. 

అందుకని నేను అమ్మతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఫోన్ గురించి ఏ చిన్న డౌట్ వచ్చినా, ఏ టైమ్‌కైనా నాకు కాల్ చేయాలి. నేను ఎత్తాలి. తిట్టకూడదు, "ఇది కూడా తెలీదా" అనకూడదు. ఇంకోటి, ఊరెళ్లినప్పుడు ఆమె ఫోన్ నేను పట్టుకోకూడదు. ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి, వేలు ఆమెదే కదలాలి, నేను పక్కన కూర్చుని నోటితో చెప్పాలి. పది సెకన్ల పనికి పది నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. మనకి సైకిల్ నేర్పినప్పుడు సీటు పట్టుకుని వెనకాల ఎంత దూరం పరిగెత్తారో గుర్తుందా?

అందరిళ్లూ ఒకేలా ఉండవు. కొందరి ఇళ్లలో పెద్దవాళ్లే వినరు, "నువ్వు నాకు చెప్పేదేంటి" అంటారు. మా నాన్న ఆ టైపే. ఆయన దగ్గర నా పద్ధతి పనిచేయలేదు. అమ్మ నేర్చుకుని ఆయనకి చెప్తోంది, ఆమె మాట వింటున్నాడు. మీ ఇంట్లో ఎవరి మాట ఎవరు వింటారో మీకే తెలుస్తుంది.

మొన్న బుధవారం, నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. అమ్మ ఫోన్. కట్ చేయబోయి, ఒప్పందం గుర్తొచ్చి బయటికి వచ్చి ఎత్తాను. "నాన్నా, గ్యాస్ వాళ్ల మెసేజ్ అట. ఏదో కోడ్ నంబరు పంపారు. ఇది నిజమా, దొంగదా?" అంది. చదివి వినిపించమన్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. నాలుగు నిమిషాలు పట్టింది. అది నిజమైన మెసేజే. సిలిండర్ వచ్చినప్పుడు డెలివరీ అబ్బాయికి చెప్పాల్సిన కోడ్ అది. "నిజమేనమ్మా. సిలిండర్ చేతికొచ్చాకే చెప్పు" అన్నాను. "హమ్మయ్య, పనిలో ఉన్నావా, అనవసరంగా చేశానా?" అంది. "లేదమ్మా, మంచి పని చేశావ్" అన్నాను.

వెనక్కి వెళ్లేసరికి మా మేనేజర్ "అంతా ఓకేనా?" అన్నారు. ఓకే అన్నాను.

సరే, ఇవాళ్టికి ఇంతే. లైక్, షేర్ సంగతి తర్వాత. వీడియో అయిపోగానే వేరే వీడియోకి వెళ్లకుండా, ఒకసారి ఇంటికి ఫోన్ చేయండి. "ఈ మధ్య ఫోన్‌కి ఏమైనా కొత్త మెసేజ్‌లు వస్తున్నాయా?" అని మామూలుగా అడగండి. వాళ్లు చెప్పేది మొత్తం వినండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను. నమస్తే.